మందు రాయని డాక్టరుకి జబ్బు గురించి ఇంకా బాగా తెలియాలి

చెల్లీ, నువ్వు అడిగింది ఇదీ. పుత్తూరులో ఇంటర్ బైపీసీ పూర్తయింది, నీట్ ర్యాంకుకి ఎంబీబీఎస్ రాదని తేలిపోయింది. మీ అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు ప్రకృతి వైద్యంతో తగ్గడం దగ్గరుండి చూశావు కాబట్టి ఆ దారిలో వెళ్ళాలని ఉంది. తిరుపతిలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆరు నెలల డిప్లొమా చేస్తే పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చంటున్నారు, ఇంకొకరు ఐదున్నరేళ్ళ ప్రకృతి వైద్య డిగ్రీ బీఎన్‌వైఎస్ చెయ్యమంటున్నారు, మీ నాన్నగారేమో మందు రాయని డాక్టర్ ఏం డాక్టరంటున్నారు. నేను బీఎన్‌వైఎస్ చదివి చాలా ఏళ్ళుగా తిరుపతిలోనే ప్రాక్టీస్ చేస్తున్నాను. సూటిగా చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ఆ ఆరు నెలల డిప్లొమాలో మాత్రం చేరొద్దు. ఫీజు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. కానీ రేపు బోర్డు పెట్టుకున్నాక నీ ముందు కూర్చునే మనిషికి ఏ జబ్బుందో, అది నువ్వు చూడాల్సినదో కాదో తేల్చుకోవడం ఆరు నెలల్లో ఎవరూ నేర్పలేరు. ఇంట్లో కూర్చుని పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని చదివే కోర్సులయితే చెప్పనే అక్కర్లేదు.

మన దేశంలో ప్రకృతి వైద్యంలో డాక్టర్ కావడానికి చదవాల్సిన డిగ్రీ బీఎన్‌వైఎస్, అంటే బ్యాచిలర్ ఆఫ్ నేచురోపతి అండ్ యోగిక్ సైన్సెస్. నాలుగున్నరేళ్ళు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, నీకు ఉన్నాయి. ఒక చిక్కు మాత్రం ముందే తెలుసుకో. 2020లో వచ్చిన భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ చట్టం కిందికి ఆయుర్వేదం, యునాని, సిద్ధ, టిబెట్ వైద్యమైన సోవా రిగ్పా వచ్చాయి, యోగా, ప్రకృతి వైద్యం రాలేదు. అందుకని డాక్టరుగా రిజిస్ట్రేషన్ అనేది రాష్ట్రాల చేతిలో ఉండిపోయింది, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. ఆ సందులోంచే ఈ ఆరు నెలల డాక్టర్లు పుట్టుకొస్తున్నారు. నువ్వు చేరబోయే కాలేజీ డిగ్రీతో ఏ రాష్ట్రంలో ఏ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవచ్చో చేరకముందే అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకో. ఇప్పటికే చదివి బయటికొచ్చిన సీనియర్లు ఎక్కడ రిజిస్టర్ అయ్యారో కనుక్కుంటే ఇంకా మంచిది.

మందులివ్వడు కాబట్టి ప్రకృతి వైద్యుడికి జబ్బుల గురించి అంత లోతుగా తెలియకపోయినా ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. మీ నాన్నగారి మాటలోనూ అదే ఉంది. నా అనుభవంలో అది పూర్తిగా తలకిందులు. మన దగ్గరికి ఎవరొస్తారో ఆలోచించు. మాత్రలంటే భయపడి అసలు ఏ డాక్టరుకీ చూపించుకోనివాళ్ళు వస్తారు. నాలుగు ఆసుపత్రులు తిరిగి విసిగిపోయి, వాడుతున్న మందులు సొంతంగా ఆపేసి వచ్చేవాళ్ళుంటారు. పక్కింటావిడకి తగ్గిందని విని, రిపోర్టులేవీ లేకుండా చేతులూపుకుంటూ వచ్చేవాళ్ళుంటారు. అంటే జబ్బేదో తేలనివాళ్ళు, తేలినా మధ్యలో వదిలేసినవాళ్ళు మన కుర్చీలోనే ఎక్కువ కూర్చుంటారు. వాళ్ళని ముందుగా చూసేది మనమే, కొన్నిసార్లు చివరిగా చూసేదీ మనమే.

ఒక ఉదాహరణ చెప్తాను. ఆటో నడిపే ఒకాయన నడుంనొప్పితో వచ్చారు. రోజంతా గతుకుల్లో ఆటో నడిపితే నడుంనొప్పి రాక ఏమవుతుంది, మసాజ్ చేయించుకుని నాలుగు ఆసనాలు నేర్చుకుంటే చాలనుకుని వచ్చారాయన. అడుగుతూ పోతే రాత్రిపూట పడుకున్నా నొప్పి తగ్గట్లేదు, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది, ప్యాంటు వదులవుతోంది. వెన్ను మీద ఒకచోట తడితే ఉలిక్కిపడ్డారు. మసాజ్ టేబుల్ ఎక్కించకుండా ఎక్స్‌రే తీయించి, ఉత్తరం రాసిచ్చి రుయా ప్రభుత్వాసుపత్రికి పంపాను. వెన్నెముకకి టీబీ. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు పూర్తిగా వాడారు, బాగయ్యారు, ఆటో మళ్ళీ నడుపుతున్నారు. ఆ రోజు ఎవరైనా ఆ వెన్నుని గట్టిగా నొక్కి విరిచే చికిత్స చేసుంటే కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది. ఆరు నెలల కోర్సులో నొక్కడం నేర్పుతారు. ఎవరిని నొక్కకూడదో తెలియాలంటే అనాటమీ, పాథాలజీ చదివుండాలి, వార్డులో రోగుల్ని చూసుండాలి.

అందుకే బీఎన్‌వైఎస్ సిలబస్ చూస్తే నీకు ఆశ్చర్యంగా ఉంటుంది. మొదట అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, వాటి పక్కన ప్రకృతి వైద్య సిద్ధాంతాలు, యోగ సిద్ధాంతాలు. తర్వాత పాథాలజీ, మైక్రోబయాలజీ, కమ్యూనిటీ మెడిసిన్, ఫార్మకాలజీ పరిచయం, ఫోరెన్సిక్. పైకి వెళ్ళేకొద్దీ రోగనిర్ధారణ, జల చికిత్స, మసాజ్, ఉపవాస చికిత్స, పోషకాహారం, ఆక్యుపంక్చర్, ఫిజియోథెరపీ, గైనకాలజీ, అత్యవసర వైద్యం. ఫార్మకాలజీ మనకెందుకులే అని మా క్లాసులో కొందరు అశ్రద్ధ చేసేవాళ్ళు. నన్నడిగితే మన పనిలో రోజూ అక్కరకొచ్చేది అదే. వచ్చేవాళ్ళలో చాలామంది ఏవో మాత్రలు మింగుతూనే వస్తారు, ఆ మాత్ర మీద మన ఉపవాసం, మన రసాలు ఏం చేస్తాయో తెలియకపోతే మేలు చెయ్యబోయి కీడు చేస్తాం.

షుగర్ సంగతి తీసుకో. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో నువ్వు ఎక్కువగా చూడబోయేది షుగరే. ఆహారంతో షుగర్‌ని చాలా దూరం వెనక్కి నెట్టొచ్చు, అందులో నాకు సందేహం లేదు. 2017లో బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. టైప్ 2 షుగర్ మొదలై ఆరేళ్ళు దాటనివాళ్ళకి మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారమే ఇచ్చి, తర్వాత మెల్లగా మామూలు తిండికి తెచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందు లేకుండానే షుగర్ జబ్బు హద్దు కంటే కిందికి వచ్చింది. ప్రకృతి వైద్యులం ఎప్పట్నించో చెప్తున్న మాటకి ఇంతకంటే గట్టి ఆధారం ఏం కావాలి? కానీ ఆ పరిశోధనలో ఇన్సులిన్ వాడేవాళ్ళని చేర్చుకోలేదు. చేరినవాళ్ళకి మొదటి రోజే మాత్రలు ఆపారు, డాక్టర్లు దగ్గరుండి చూస్తూ ఆపారు. రెండో ఏడాదికి ఆ 46 కాస్తా 36 శాతానికి తగ్గింది. ఇవన్నీ కలిపి చెప్పగలిగినవాడే డాక్టర్. 46 ఒక్కటే పట్టుకుని ఫ్లెక్సీ మీద వేయించేవాళ్ళు నీకు చాలామంది కనిపిస్తారు.

ఇక ఉపవాసం దగ్గరికి వద్దాం. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుంటూ నిమ్మరసం, తేనె మీద ఉపవాసం ఉంటే షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు. డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రల మీద ఉన్నవాళ్ళు తిండి మానేస్తే షుగర్ అంకె మరీ పెరక్కుండానే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు, గ్లూకోమీటర్ చూసి అంతా బాగుందనుకుంటే మోసపోతాం. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకి ఇన్సులిన్ ఆపడమంటే చంపడమే, అందులో రెండో మాట లేదు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపినా అంతే ప్రమాదం. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి కొబ్బరినీళ్ళు, పండ్లరసాలు అమృతమని తాగిస్తే పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. పాలకూరలాంటి ఆకుల రసాలు రోజూ గ్లాసులకి గ్లాసులు తాగి, ఆక్సలేట్లనే లవణాలు పేరుకుని కిడ్నీ పాడైన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ప్రకృతిలో దొరికేదంతా అందరికీ మంచిదే అన్న నమ్మకంతో ఈ కోర్సులోకి వచ్చే పిల్లలు మొదటి రెండేళ్ళలో ఆ నమ్మకాన్ని సరిచేసుకోవాలి.

మన ఊరి తిండి గురించి కూడా నేర్చుకోవాలి, అది ఏ పుస్తకంలోనూ ఉండదు. రాగి సంగటి షుగర్‌కి మంచిదని విని పూటకి రెండు పెద్ద ముద్దలు తినేసి వచ్చి, సంగటే కదమ్మా తిన్నాను అంటారు. ముద్ద సైజు తగ్గించి, పక్కన పప్పో ఆకుకూరో రెండింతలు పెట్టించాలి. పంచదార మానేశాం, బెల్లమే వాడుతున్నాం అనేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, చిత్తూరు బెల్లం మన గొప్పే అయినా రక్తంలోకి వెళ్ళాక అదీ చక్కెరే. తోతాపురి మామిడికాయలొచ్చే నెలల్లో నా దగ్గరికి వచ్చేవాళ్ళ షుగర్ రిపోర్టులు చూస్తే సీజన్ మొదలైందని తెలిసిపోతుంది.

ఇంకోటి, ఇది మన తిరుపతికే ప్రత్యేకం. మొక్కుకున్నామని షుగర్ ఉన్నవాళ్ళు అలిపిరి దగ్గర చెప్పులు విడిచి 3,550 మెట్లు ఎక్కుతారు. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ పోయి ఉంటుంది, రాయి గుచ్చుకున్నా, ఎండకి కాలిన బండ మీద అడుగు పడి బొబ్బలెక్కినా తెలియదు. వారం తర్వాత పుండుతో వస్తారు, అప్పటికే కొందరికి లోపలిదాకా చీము పట్టేసి ఉంటుంది. భక్తిని కాదనలేం, కాదనకూడదు. కానీ కొండెక్కాలనుకునే షుగర్ పేషెంటు పాదాన్ని నైలాన్ పోగుతో, ట్యూనింగ్ ఫోర్కుతో పరీక్ష చేసి, స్పర్శ లేకపోతే బస్సులో వెళ్ళి దర్శనం చేసుకోండి, స్వామి ఏమీ అనుకోడని చెప్పగలగాలి. నేను అలా చెప్పినప్పుడు చాలామంది వింటారు, ఎందుకంటే నేను నడకను మెచ్చుకునే డాక్టర్నని వాళ్ళకి తెలుసు.

చికిత్సల దగ్గరికి వస్తే, జల చికిత్స వినడానికి సులువుగా ఉంటుంది, నీళ్ళే కదా అనిపిస్తుంది. చల్లని తొట్టి స్నానానికి నీళ్ళు 10 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలని పుస్తకంలో ఉంటుంది. మే నెలలో తిరుపతిలో ట్యాంకు నీళ్ళు పట్టి చూడు, మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేం. థర్మామీటర్ లేకుండా కొళాయి నీళ్ళు తొట్టిలో నింపి చల్లని స్నానమని రాసుకునే చోట అది చికిత్స కాదు, ఒట్టి స్నానం. నెలసరిలో ఉన్న ఆడపిల్లకి, పొత్తికడుపులో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళకి చల్లని తొట్టి స్నానం ఇవ్వకూడదు. బీపీ బాగా ఎక్కువున్నవాళ్ళని, గుండె జబ్బున్నవాళ్ళని, గర్భిణుల్ని ఆవిరి గదిలో కూర్చోబెట్టకూడదు. ఉప్పునీళ్ళు తాగించే శంఖప్రక్షాళన బీపీ, కిడ్నీ రోగులకి పనికిరాదు. కపాలభాతి టీవీలో చూసి అందరూ చేస్తారు, బీపీ అదుపులో లేనివాళ్ళు, గర్భిణులు చెయ్యకూడదు. మట్టి పట్టీకి మట్టి మూడు నాలుగు అడుగుల లోతు నుంచి తవ్వి, రాళ్ళూ వేళ్ళూ ఏరి, ఎండబెట్టి, జల్లెడ పట్టి నానబెట్టాలి. పురుగుమందులు కొట్టే తోట పక్కన మట్టి తేకూడదు, పుండు మీద పట్టీ వెయ్యకూడదు, మట్టిలో ధనుర్వాతం క్రిములుంటాయి. ఇలా ప్రతి చికిత్సకీ ఎవరికి, ఎంతసేపు, ఎంత వేడిలో అన్న లెక్కలుంటాయి, ఇంటర్న్‌షిప్‌లో తెల్లవారుజామున వార్డులో నిలబడితేనే అవి చేతికి వస్తాయి.

సిలబస్‌లో ఉన్నవన్నీ ఒకే బలం ఉన్నవి కావు, ఇది కూడా ముందే చెప్పాలి. ఆహారం, వ్యాయామం, యోగా, నిద్ర, బరువు తగ్గడం, నొప్పులకి వేడి, చల్లటి కాపడాలు, వీటికి మంచి ఆధారాలున్నాయి. రంగుల చికిత్స, అయస్కాంత చికిత్స లాంటివి చదువు, పరీక్ష రాయి, కానీ వాటిని నమ్ముకుని రోగిని ఆపి ఉంచకు. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం చూసి జబ్బు చెప్పే ఐరిడాలజీ కూడా కొన్నిచోట్ల నేర్పుతారు. 1979లో అమెరికాలో దాన్ని పరీక్షించారు, కళ్ళ ఫోటోలు చూపించి ఎవరికి కిడ్నీ జబ్బుందో చెప్పమంటే ఆ విద్యలో పేరున్నవాళ్ళు కూడా చెప్పలేకపోయారు. కిడ్నీ సంగతి తెలుసుకోవాలంటే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష ఉంది, ఖర్చూ తక్కువే.

మన ప్రాంతం చరిత్రలోనే దీనికి ఒక పాఠముంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగుల్ని ఉంచి చూసుకునే శానటోరియం పెట్టారు. మందులు లేని కాలం అది, మంచి గాలి, ఎండ, విశ్రాంతి, బలమైన తిండే అక్కడి వైద్యం. మన సిద్ధాంతానికి అంత దగ్గరగా ఉన్న చోటు దక్షిణాదిలో అప్పట్లో అరుదు. ఎంతోమందికి ఆసరా ఇచ్చిందది, దాన్ని తక్కువ చెయ్యను. తర్వాత క్షయకి మందులొచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన క్షయ కీమోథెరపీ కేంద్రంలో ఒక అధ్యయనం చేశారు. కొంతమంది రోగులకి శానటోరియంలో ఉంచి మందులిచ్చారు, కొంతమందికి ఇరుకిళ్ళలో, అరకొర తిండితో ఉంటున్నా ఇంటి దగ్గరే అవే మందులిచ్చారు. 1959లో ఫలితాలు బయటికొచ్చాయి, రెండు చోట్లా ఇంచుమించు ఒకేలా నయమైంది. అంటే క్షయని తగ్గించింది మందు. గాలి, తిండి మంచివే, మనిషికి అవసరమే, కానీ క్షయ క్రిమి వాటికి లొంగదు. షుగర్ తిండికి లొంగుతుంది, క్షయ లొంగదు. ఏది దేనికి లొంగుతుందో తేడా తెలుసుకోవడానికే ఆ ఐదున్నరేళ్ళు.

గాంధీగారి పేరు ఈ రంగంలో రోజూ వింటావు. ఆయన ప్రకృతి వైద్యాన్ని ప్రాణంగా నమ్మారు, 1946లో పుణె దగ్గర ఉరుళీ కాంచన్‌లో పల్లె జనం కోసం ప్రకృతి చికిత్స మొదలుపెట్టారు. అంతకుముందు 1945 నవంబరు 18న ఆయన ప్రకృతి వైద్య ట్రస్టు పత్రం మీద సంతకం పెట్టిన రోజునే ఇప్పుడు జాతీయ ప్రకృతి వైద్య దినంగా జరుపుతున్నారు. అదే గాంధీగారికి 1924 జనవరిలో అపెండిసైటిస్ వస్తే పుణె సాసూన్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. మా జూనియర్లకి ఈ రెండూ కలిపే చెప్తుంటాను. తెలుగువాళ్ళకి ఈ వైద్యం కొత్తేమీ కాదు కూడా, జర్మనీకి చెందిన లూయీ కూనే రాసిన గ్రంథాన్ని ద్రోణంరాజు వేంకటచలపతి శర్మ గారు 1894లోనే తెలుగు చేశారు.

చట్టం విషయంలో గీత ఎక్కడుందో మనసులో పెట్టుకో. బీఎన్‌వైఎస్ చదివినవాళ్ళు అల్లోపతి మందులు రాయకూడదు, ఇంజెక్షన్ ఇవ్వకూడదు, మనది మందుల్లేని విధానం కాబట్టి ఆయుర్వేద మందులూ రాయకూడదు. 1996లో సుప్రీంకోర్టు, హోమియోపతి చదివిన డాక్టర్ అల్లోపతి మందులిచ్చిన కేసులో, తాను చదవని విధానంలో మందులివ్వడమే నిర్లక్ష్యమని తేల్చి చెప్పింది. అలాగే ఇంకో డాక్టర్ రాసిన మందుని మనంతట మనం ఆపించకూడదు. నేను చేసేదేంటంటే, రెండు మూడు వారాల షుగర్, బీపీ రీడింగులు ఒక కాగితం మీద రాసి, రోగి బరువు ఇంత తగ్గింది, ఆహారం ఇలా మార్చాం, డోసు తగ్గించడానికి వీలుంటుందేమో చూడండి అని ఆ డాక్టరుకే ఉత్తరం పంపుతాను. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఊళ్ళో కొందరు ఫిజీషియన్లు వాళ్ళ రోగుల్నే నా దగ్గరికి పంపుతున్నారు. చదువు అయిపోగానే నేను చేరిన ఒక సెంటర్‌లో పది రోజుల్లో మాత్రలు మాన్పిస్తామని రోగులకి చెప్పమనేవాళ్ళు. చెప్పనన్నాను, ఎక్కువ కాలం ఉండలేకపోయాను. నీకూ ఆ ఒత్తిడి వస్తుంది, ముందే సిద్ధంగా ఉండు.

కాలేజీ ఎంచుకోవడం గురించి. ఈ డిగ్రీ కోర్సు కర్ణాటకలో బాగా వేళ్ళూనుకుంది. ధర్మస్థల వాళ్ళ ఎస్‌డీఎం కాలేజీ ఉజిరెలో 1989లో మొదలైంది, మూడబిద్రిలో ఆళ్వాస్ ఉంది, మైసూరులో ప్రభుత్వ కాలేజీ ఉంది. చెన్నై అరుంబాక్కంలో ప్రభుత్వ యోగా, ప్రకృతి వైద్య కళాశాల ఉంది, హైదరాబాద్‌లో గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఉంది. ప్రభుత్వ సీట్లకి చాలావరకు ఆ రాష్ట్రం వాళ్ళకే అర్హత, కర్ణాటకలో సీట్లు అక్కడి ప్రవేశ పరీక్ష సీఈటీ ద్వారా, తమిళనాడులో ప్లస్ టూ మార్కుల మీద నింపుతారు. బయటి రాష్ట్రం పిల్లలకి మిగిలేది ఎక్కువగా మేనేజ్‌మెంట్ సీట్లే. ఆయుర్వేద డిగ్రీ బీఏఎంఎస్, హోమియోపతి డిగ్రీ బీహెచ్‌ఎంఎస్‌లకైతే దేశమంతా నీట్ కావాలి, బీఎన్‌వైఎస్‌కి రాష్ట్రాన్ని బట్టి పద్ధతి మారుతుంది. మన రాష్ట్రంలో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆ ఏడాది ఇచ్చే నోటిఫికేషన్ చూడు, ఏ కాలేజీకి అనుమతి ఉందో, ర్యాంకు ఎలా లెక్కిస్తారో అందులో రాసిందే ఖాయం. ఏజెంట్ మాట నమ్మొద్దు.

కాలేజీ చూడ్డానికి వెళ్తే పొద్దున ఆరు గంటలకి ఆసుపత్రి వైపు వెళ్ళు. మన చికిత్సలు ఖాళీ కడుపుతో పొద్దున్నే జరుగుతాయి, ఆ టైముకి తొట్లు తడిగా, మసాజ్ గదుల ముందు జనం, వంటగదిలో రసాలు తీసే హడావుడి ఉంటే అక్కడ రోగులున్నట్టు. పదకొండింటికి వెళ్తే ఏ కాలేజీ అయినా అందంగానే కనిపిస్తుంది. మంచాలెన్ని అని అడక్కు, నిన్న రాత్రి వాటి మీద ఎంతమంది పడుకున్నారో అడుగు. శరీరాన్ని కోసి నేర్పే డిసెక్షన్ హాలు ఉందా, ల్యాబు పనిచేస్తోందా, గైనిక్, ఎమర్జెన్సీ నేర్చుకోడానికి ఏ పెద్దాసుపత్రికి పంపుతారు, ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ ఉందా, హాస్టల్, మెస్‌తో కలిపి మొత్తం ఫీజెంత, అన్నీ కాగితం మీద తీసుకో. పై ఏడాదుల విద్యార్థులతో వార్డెన్ లేనప్పుడు మాట్లాడు. కర్ణాటకలో చేరితే మొదటి ఏడాదిలోనే కన్నడం నేర్చుకో, రోగి చెప్పింది అర్థం కాకపోతే వార్డులో ఉండి లాభం లేదు. పుత్తూరు పిల్లవి కాబట్టి తమిళం నీకు కొంత వచ్చే ఉంటుంది, చెన్నై వైపు అయితే అది కలిసొస్తుంది.

డబ్బు గురించి దాచను. చదువైన కొత్తలో ప్రైవేటు సెంటర్లలో జీతం తక్కువ, గది, భోజనం వాళ్ళే పెడతామని చెప్పి ఇంకా తగ్గిస్తారు. పెద్ద హోటళ్ళు, రిసార్టులు ఎక్కువిస్తాయి, కానీ అక్కడ వచ్చేది విశ్రాంతి కోసం, చదివిన చదువులో సగం మర్చిపోతావు. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాలు చాలా తక్కువ, వాటి మీదే ఆశ పెట్టుకుని చేరొద్దు. మూడేళ్ళ ఎండీ ఉంది, చెన్నైలోని ప్రభుత్వ కళాశాలలోనూ ఉంది, బోధన, పరిశోధన వైపు వెళ్ళాలంటే అది చెయ్యాలి. సొంత క్లినిక్ అంటే నీళ్ళు ఎక్కువ కావాలి, డ్రైనేజీ బాగుండాలి, ఆడవాళ్ళకి ఆడ థెరపిస్టు, మగవాళ్ళకి మగ థెరపిస్టు కావాలి, అపార్ట్‌మెంట్‌లో రెండు గదులు తీసుకుంటే నడవదు. మొదట ఆహారం, యోగా సలహాల ఓపీతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకోవడం మేలు. ఆడ డాక్టర్లకి ఒక అనుకూలత ఉంది, పీసీఓడీ, థైరాయిడ్, నడుంనొప్పితో బాధపడే ఆడవాళ్ళు మనతో మనసు విప్పి మాట్లాడతారు.

అమెరికా వెళ్ళి ప్రాక్టీస్ చెయ్యొచ్చా అని కూడా అడిగావు. ఈ డిగ్రీతో నేరుగా కుదరదు. అక్కడ నేచురోపతిక్ డాక్టర్ కావాలంటే డిగ్రీ తర్వాత గుర్తింపున్న కాలేజీలో నాలుగేళ్ళు చదివి, ఎన్‌ప్లెక్స్ అనే పరీక్ష పాసవ్వాలి, అప్పుడు కూడా లైసెన్స్ ఇచ్చే రాష్ట్రాలు కొన్నే. ఆ ఖర్చు పెట్టగలిగితేనే ఆలోచించు.

ఐదున్నరేళ్ళు కుదరదు, ఇంట్లో తొందరగా సంపాదన కావాలి అనుకుంటే, డాక్టర్ అనే మాట పక్కన పెట్టి థెరపిస్టుగా వెళ్ళడంలో తప్పేమీ లేదు. పుణెలోని జాతీయ ప్రకృతి చికిత్స సంస్థ ఏడాది ట్రీట్‌మెంట్ అసిస్టెంట్ కోర్సు నడుపుతోంది. యోగా నేర్పాలనుంటే ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలున్నాయి, మన తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో యోగా కోర్సులున్నాయి. మంచి థెరపిస్టు దొరక్క మాలాంటివాళ్ళం వెతుక్కుంటున్నాం, అది గౌరవంగా బతికే పని.

మీ నాన్నగారికి నా తరఫున ఒక మాట చెప్పు. మందు రాయని డాక్టర్ పనేంటని ఆయన అడగడంలో న్యాయముంది. ఆటో ఆయన సంగతి, మెట్లెక్కే షుగర్ పేషెంటు సంగతి చెప్పు. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని అదే గంటలో రుయాకో స్విమ్స్‌కో పంపాలి అని చెప్పడమే మా పనిలో పెద్ద భాగమని చెప్పు. ఇంకా సందేహముంటే ఆయన్ని వెంటబెట్టుకుని ఏదైనా ప్రకృతి వైద్యశాలకి పొద్దున్నే వెళ్ళి ఓ పూట కూర్చోండి.

ఇక ఈ వారం చెయ్యాల్సింది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు తెచ్చిపెట్టుకో, నువ్వు ఎస్‌వీయూ లోకల్, అంటే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధి స్థానికుల కిందికి వస్తావు, కౌన్సెలింగ్‌లో స్థానికత రుజువు చెయ్యడానికి అవి లేక పిల్లలు చివరి రోజుల్లో స్కూళ్ళ చుట్టూ తిరుగుతుంటారు. బీఏఎంఎస్ కూడా ఆలోచనలో ఉంటే నీట్ ర్యాంకు కార్డు పారెయ్యకు, దానికి వేరే కౌన్సెలింగ్, తేదీలు వేరుగా వస్తాయి. ఆ ఇన్‌స్టిట్యూట్‌కి అడ్వాన్స్ ఏమైనా కట్టి ఉంటే రసీదు జాగ్రత్తగా పెట్టుకుని రాతపూర్వకంగా వెనక్కి అడుగు. కాలేజీల్లో ఏదైనా చూసొచ్చాక అక్కడ ఏం చెప్పారో రాయి, అందులో ఏది నిజమో ఏది అడ్డగోలో నాకు తెలిసినంతవరకు చెప్తాను.